నా మెడలో ఆమె పతకం

ఆ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు నా చేతులకు ఇంకా సున్నం ఉంది. కబడ్డీ కోర్టుకు గీతలు గీసి అప్పుడే వచ్చాను. హెడ్మాస్టరు గారు ఆఫీసు గదిలోకి పిలిచి, "మేడం, ఇక్కడొక్క సంతకం పెట్టండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను," అన్నారు. ఏమిటని అడిగాను. "మీకు ఎప్పుడో రావలసింది. ఇప్పుడైనా రాయిద్దామని," అని నవ్వారు. ఏదో ట్రైనింగుకు పంపించే కాగితం అనుకున్నాను. సంతకం పెట్టి, చేతులు కడుక్కుని, క్యారేజీ విప్పుకున్నాను.

మూడు నెలలకు రాష్ట్ర క్రీడా సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. క్రీడా ఆదర్శాలకూ విద్యకూ చేసిన సేవకు గుర్తింపుగా నాకు గౌరవ పతకం ఇస్తున్నారట. కింద రెండు వాక్యాల్లో కారణం రాశారు. గెలిచిన ఆటను నిజం కోసం వదులుకోవడం పల్లెటూరి ఆడపిల్లలకు నేర్పిన ఉపాధ్యాయురాలు, అని.

చదివి అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆ ఆట వదులుకున్నది నేను కాదు. వదులుకున్న పిల్లను నేను కొట్టాను.

అది దాదాపు ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. అప్పటికి నేను పీఈటీగా, అంటే ఆటల టీచరుగా, చేరి నాలుగేళ్ళయింది. మాది చర్చి పక్క పేట. మా నాన్న మిషను బడిలో టీచరు కాబట్టి నన్ను ఆటలకు పంపాడు గానీ, నిక్కరు వేసుకుని పరుగెత్తిన మొదటి ఆడపిల్లను నేనేనని మా పేటలో చాలాకాలం చెప్పుకున్నారు. అలా వచ్చిన ఉద్యోగం మీద నాకు పట్టుదల ఎక్కువ. పర్చూరు వైపు నల్లరేగడిలో ఉన్న మా బడికి గ్రౌండు ఉండేది, కానీ అది మాది కాదు. కోతలు మొదలయ్యాయంటే ఊరి పెద్ద ఒకాయన అక్కడ పట్టాలు పరిచి మిరపకాయలు ఆరబోసేవాడు. గోడ అవతల తుమ్ములు, ఇవతల తుమ్ములు. నాలుగు నెలలు మా పిల్లలు వరండాలోనే డ్రిల్లు చేసేవాళ్ళు.

అప్పటి హెడ్మాస్టరును ఎన్నోసార్లు అడిగాను. ఆయన మెత్తటి మనిషి. "నేనేమని అడగనమ్మా ఆయన్ని? జిల్లా కప్పు ఒక్కటి తీసుకురా. అప్పుడు నాకూ మాట్లాడడానికి ఒక మాట ఉంటుంది," అన్నాడు.

సరే, కప్పే కావాలనుకున్నాను. మా దగ్గర ఒక పిల్ల ఉంది, తొమ్మిదో తరగతి. సన్నగా, పొడుగ్గా, ఎడమచేతి వాటం. వాళ్ళమ్మ మిరప కల్లాల్లో తెల్లబడిన తాలుకాయలు ఏరే పనికి పోయేది. ఆ పిల్ల కూతకు వెళితే అవతలి జట్టు ఏ చెయ్యి చూడాలో తెలియక తికమకపడేది. పొద్దున్నే ఆరింటికి వచ్చేది. నేను రావడం ఆలస్యమైతే గేటు ఎక్కి దూకి, ఒక్కతే గీత దగ్గర నిలబడి గాలిలో చేతులు చాపుతూ ఉండేది. ఆ పిల్లను రాష్ట్రానికి ఆడించాలని నాకు ఆశ. ఆ ఆశలో సగం ఆ పిల్ల కోసం, సగం నా కోసం.

కనిగిరిలో ఫైనలు. కొండ కనిపించే గ్రౌండు, రాళ్ళు ఏరిన నేల. అవతలి జట్టు టౌను పిల్లలు, బూట్లు వేసుకుని వచ్చారు. ఆఖరి నిమిషానికి స్కోరు సమానం. ఆఖరి కూత మాది. మా పిల్ల వెళ్ళింది, మూలనున్న అమ్మాయి వైపు చెయ్యి చాపింది, గిర్రున తిరిగి గీత దాటి వచ్చేసింది. రిఫరీ మాకు ఒక పాయింటు అని వేలు చూపించి విజిల్ వేశాడు. మా వాళ్ళు ఆ పిల్లను ఎత్తేసుకున్నారు. నేను ఏడ్చేశాను కూడా.

ఆ పిల్ల వాళ్ళ చేతుల్లోంచి కిందికి దిగి రిఫరీ దగ్గరికి నడిచింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. చాలా మామూలుగా చెప్పింది.

"సార్, నా చెయ్యి తగల్లేదండి."

పాయింటు తీసేశారు. స్కోరు సమానమైందని రెండు జట్ల చేతా ఐదేసి కూతలు ఆడించారు. మా వాళ్ళకు అప్పటికే కాళ్ళు ఆడలేదు. రెండు పాయింట్లతో ఓడిపోయాం.

సామాను వ్యాన్‌లో ఎక్కిస్తున్నప్పుడు ఆ పిల్లను వెనక్కి పిలిచాను. మిగతా పిల్లలు అవతలి వైపు నీళ్ళు తాగుతున్నారు.

"నిన్నెవరడిగారే? ఆయన ఇచ్చాడు, ఆటైపోయింది. నిన్నెవరడిగారు?"

"తగల్లేదు టీచర్."

కొట్టాను. చెంప మీద, గట్టిగా. ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "రేపట్నుంచి గ్రౌండులో కాలు పెట్టావంటే ఊరుకోను," అన్నాను. తలూపింది. వ్యాన్‌లో ఆఖరి సీట్లో కూర్చుంది. దారి పొడుగునా నేను ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూశాను.

మర్నాడు బడికి వచ్చింది. ఆటల పీరియడులో వరండా మెట్ల మీద కూర్చుంది. నేను పిలుస్తానని ఎదురుచూస్తోందని నాకు తెలుసు. వచ్చి బతిమాలుతుందని నేను ఎదురుచూశాను. ఒకరోజు, రెండు రోజులు, వారం. నాకప్పుడు ముప్పై ఏళ్ళు, ఆ పిల్లకు పద్నాలుగు. ముందు మెత్తబడాల్సింది ఎవరో ఇప్పుడు తెలుస్తోంది.

వారం తిరిగేసరికి పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. ఆ రిఫరీ ఎవరితోనో చెప్పాడట. ఓడినా గెలిచిన టీచరు అని హెడ్డింగు. ఇలాంటి పిల్లల్ని తయారుచేసిన ఉపాధ్యాయురాలికి నమస్కారం అని ఆయన అన్నట్టు రాశారు. పిల్ల గురించి ఒక్క ముక్కే ఉంది, 'ఒక విద్యార్థిని' అని.

హెడ్మాస్టరు దాన్ని ప్రేయర్‌లో పైకి చదివారు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. తొమ్మిదో తరగతి వరసలో ఆ పిల్ల కూడా కొట్టింది. నేను చూశాను. నావైపు చూడకుండా, అందరితో పాటే మొదలుపెట్టి అందరితో పాటే ఆపింది.

ఆ తర్వాత కొన్ని రోజులకు కోతలు మొదలై వాళ్ళమ్మ వెంట పనికి వెళ్ళింది. కోతలు అయిపోయినా బడికి రాలేదు. మా పిల్లలు చాలామంది అలాగే మానేసేవాళ్ళు, ఆ లెక్కలోనే ఈ పిల్లనూ వేసుకున్నాను. ఒకసారి ఇంటికి వెళ్ళి పిలుద్దామని చెప్పులు వేసుకుని, వాకిట్లోనే మళ్ళీ విప్పేశాను. కొన్నాళ్ళకు పెళ్ళి చేశారని ఎవరో అన్నారు.

గ్రౌండు మాత్రం మాకు వచ్చింది. పేపర్లో ఊరి పేరు పడిందని ఆ పెద్దాయన పొంగిపోయాడు. "టీచరమ్మా, నీ పిల్లలు ఆడుకోవాల. నా కాయలు చేలోనే పోసుకుంటాలే," అన్నాడు. ఆ ఏడాది నుంచి పన్నెండు నెలలూ ఆడించాం. ఆ గ్రౌండులోంచి కానిస్టేబుళ్ళైన వాళ్ళున్నారు, రైల్వేలో చేరిన వాళ్ళున్నారు. ఎప్పుడు ఏ మీటింగు జరిగినా ఎవరో ఒకరు కనిగిరి కథ చెప్పేవాళ్ళు. చెప్పిన కొద్దీ అందులో నేను పెరుగుతూ వచ్చాను. కొన్నాళ్ళకు ఆ పిల్లను చెయ్యి పట్టుకుని రిఫరీ దగ్గరికి తీసుకెళ్ళింది నేనే అయ్యాను. నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు, నేను కాదనలేదు. అంతే.

పతకం ఉత్తరం పట్టుకుని హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఇప్పటి వారు, నాకన్నా చిన్నవారు.

"సార్, ఇందులో రాసింది నిజం కాదండి. అది నేను చేసింది కాదు. పిల్ల చేసింది."

"మరి పిల్లకి నేర్పింది ఎవరు మేడం?"

"నేను నేర్పలేదండి. నేను కొట్టాను."

ఆయన పెన్ను కింద పెట్టి ప్రేమగానే చూశారు. "మేడం, పాతికేళ్ళ సర్వీసులో ఎవరం కొట్టలేదు చెప్పండి? మీరు మరీ అంత పట్టించుకోకండి. ఫ్లెక్సీకి కూడా చెప్పేశాను."

సాయంత్రం బస్టాపు దగ్గర ఫ్లెక్సీ కట్టేశారు. నా ఫోటో నా కన్నా పెద్దది. దాని కింద మా బడి పూర్వ విద్యార్థుల ఫోటోలు వరసగా ఉన్నాయి, ఆ పిల్ల ఫోటో తప్ప. ఇంటికి పోతే మా ఆయన స్వీట్లు తెచ్చి పెట్టాడు. చర్చిలో ఆదివారం నా కోసం ప్రత్యేక ప్రార్థన చేశారు. మోకాళ్ళ మీద ఉండి కళ్ళు మూసుకుంటే, ఇందులోంచి బయటపడే దారి చూపించమని తప్ప ఇంకేమీ అడగలేకపోయాను. మా ఆయనకు మాత్రం అంతా చెప్పాను. ఆయన విని, "ఇప్పుడు వద్దంటే ఎందుకు వద్దన్నావో ఊరంతా అడుగుతారు," అన్నాడు. నిజమే. తీసుకోవడానికి ఎవరికీ ఏ కారణం చెప్పనక్కర్లేదు.

సభ గుంటూరులో. మధ్యాహ్నం పూట, ఏసీ హాలు. మా బడి నుంచి ఒక మినీ బస్సు నిండా వచ్చారు. నా హ్యాండ్‌బ్యాగులో ఒక కాగితం ఉంది. జరిగింది జరిగినట్టు రాసుకున్నాను. వేదిక మీద మాట్లాడమంటే అదే చదవాలని.

పతకం మెడలో వేశారు. అనుకున్నదానికన్నా బరువుంది. నీలం రిబ్బను, మధ్యలో పరుగెత్తే మనిషి బొమ్మ, చుట్టూ అక్షరాలు. మైకు ఇచ్చారు. కాగితం తీశాను, మళ్ళీ మడిచేసి నోటితోనే చెప్పాను.

"ఆ రోజు నిజం చెప్పింది నేను కాదండి. నా విద్యార్థిని. తొమ్మిదో తరగతి పిల్ల. చెప్పినందుకు నేను ఆ పిల్లని కొట్టాను. గ్రౌండులోకి రావద్దన్నాను."

హాలులో అందరూ నావైపే తిరిగారు. హమ్మయ్య, విన్నారు అనుకున్నాను. ఇంకా చెప్పాలి, ఆ పిల్ల బడి మానేసిందని చెప్పాలి, కానీ అంతలో దగ్గు వచ్చింది. నా పక్కనున్న ముఖ్య అతిథి లేచి నా భుజం మీద చెయ్యేసి, ఇంకో చేత్తో మైకు అందుకున్నారు.

"చూశారా! ఈ వేదిక మీద నిలబడి, ఈ గౌరవం నాది కాదు, నా శిష్యురాలిది అంటున్నారు. ఇదీ గురువంటే. కొట్టానంటున్నారు. మనమందరం మన మాస్టార్ల దెబ్బలు తినే కదా ఇక్కడిదాకా వచ్చింది!"

లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా హెడ్మాస్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు. నేను మైకు కోసం చెయ్యి చాపాను. అప్పటికే పతకం అందుకోవాల్సిన తర్వాతి ఆయన పేరు పిలిచేశారు.

మర్నాటి పేపర్లో కొత్త కథ వచ్చింది. ఈసారి నా వినయం గురించి.

ఇక ఆ పిల్లనే వెతుక్కుంటూ పోయాను. ఆమె బ్యాచి వాళ్ళు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకమ్మాయి చెప్పింది, వేటపాలెంలో జీడిపప్పు షెడ్డులో చేస్తోందని. మా ఊరికి గంట ప్రయాణం. ఇన్నేళ్ళూ గంట దూరంలోనే ఉంది. చీరాల బట్టల కొట్లకు వెళ్ళినప్పుడల్లా నేను ఆమెకు అంత దగ్గరగా పోయి వచ్చాను.

రెండో శనివారం వెళ్ళాను. భోజనాల వేళ. షెడ్డు బయట రేకుల నీడలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని తింటున్నారు. గుర్తుపట్టడానికి కష్టపడలేదు. ఎడమచేత్తో నీళ్ళ సీసా ఎత్తి తాగుతోంది. లావెక్కలేదు. వేళ్ళు మాత్రం జీడి నూనెకు నల్లగా, అక్కడక్కడ చర్మం లేచిపోయి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది, బడిలో లేచినట్టే.

"టీచర్! మీరెందుకొచ్చారండి ఇక్కడికి?"

"నీకోసమే."

"ఫోన్లో చూశానండి మీ ఫోటో. మెడలో వేశారు కదా."

పక్కకు తీసుకెళ్ళాను. గోడ వారన గింజల బస్తాలున్నాయి. అక్కడ నిలబడి, వేదిక మీద చెప్పలేనిదంతా చెప్పాను. కొట్టడం తప్పన్నాను, ఆ పతకం నీది అన్నాను, నీ చదువు పోవడానికి కూడా నేనే కారణం అన్నాను. ఆమె కొంగుతో వేళ్ళు తుడుచుకుంటూ విన్నది.

"కొట్టింది నాకంతగా గుర్తు లేదు టీచర్. మా అమ్మ దగ్గర అంతకన్నా ఎక్కువే తిన్నా. గ్రౌండులోకి రావద్దన్నారు చూడండి, అదే. ఆ మెట్ల మీద కూర్చున్నా కదా, పిలుస్తారేమో అనుకున్నా."

నేను పక్కనున్న బస్తా మీద చెయ్యి ఆనించాను.

"సరేలెండి. అయిపోయింది కదా," అన్నది. క్షమించినట్టు అనలేదు. ఆ మాట అక్కడితో ఆపడానికి అన్నది. కాసేపు షెడ్డు వైపు చూసి, "ఒక పని చేసిపెడతారా?" అని అడిగింది.

ఆమెకు ఒక కూతురు. ఎనిమిదో తరగతి. బడిలో కబడ్డీకి ఎంపికైంది. తండ్రి ఒప్పుకోవడం లేదు. ఆయన వాడరేవులో చేపలకు ఐసు తోలే బండి నడుపుతాడు. ఆడపిల్ల ఊళ్ళు పట్టుకుని తిరగడమేంటి అని ఒకటే మాట.

"మీరొచ్చి చెప్పండి టీచర్. మెడల్ వచ్చిన టీచరంటే వింటాడు. అది కూడా తీసుకురండి. మెడలో వేసుకునే రండి."

"నేను దానికి తగినదాన్ని కాదని ఇప్పుడే కదా చెప్పాను నీకు."

"నాకు తెలుసండి. ఆయనకి తెలీదు కదా," అన్నది.

లోపలి నుంచి ఎవరో పిలిచారు. వెళుతూ వెళుతూ, "ఆదివారం ఇంటి దగ్గరే ఉంటాడు. పొద్దున్నే రండి," అన్నది.

చర్చి మానేసి వెళ్ళాను. బస్సు దిగాక సందు చివర ఆగి, బ్యాగులోంచి పతకం తీసి మెడలో వేసుకున్నాను. ఎవరైనా చూస్తే ఎంత సిగ్గు అనుకుంటూ చీర కొంగు కప్పుకుని నడిచాను. ఆమె గుమ్మంలో ఎదురొచ్చి, నా కొంగు పక్కకు సర్దింది, పతకం కనపడేలా.

ఆయన మంచంమీద నుంచి లేచి కుర్చీ వేశాడు. పతకం చూసి, "ఒకసారి పట్టుకోవచ్చా మేడం గారూ?" అని అడిగాడు. తీసి ఇచ్చాను. అంచులు మాత్రమే పట్టుకుని, వెనకా ముందూ తిప్పి, కూతురికి చూపించి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. ఆ పిల్ల తలుపు వారన నిలబడి ఉంది. తల్లిలాగే సన్నగా, పొడుగ్గా.

నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఆటల వల్ల చదువు పోదన్నాను. ఉద్యోగాల్లో కోటా ఉందన్నాను. ఆయన నేల చూస్తూ విన్నాడు.

"అన్నీ బానే ఉన్నాయండి. బస్సుల్లో, ఊళ్ళల్లో రేపేదన్నా అయితే ఎవరు పూచీ?"

"నేను," అన్నాను. "ఎక్కడ ఆడినా నేను వెంట ఉంటాను."

తల ఊపాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను. అంతలో తలెత్తి, "ఒకటి అడుగుతా ఏమనుకోకండి. ఈమె కూడా బాగా ఆడేదంట కదా. మీలాంటి టీచర్ ఉండి కూడా ఎందుకు మానేసిందండి మరి?" అన్నాడు.

ఇల్లంతా నా నోటి వైపే చూసింది. చెప్పడానికి ఇదే చోటు, ఇదే ఘడియ. నిజం చెబితే తలుపు వారనున్న పిల్ల ఆట అక్కడే ఆగిపోతుంది. నేను నోరు తెరిచాను. నాకన్నా ముందు ఆమె అన్నది.

"నేనే మానేశాలే. అమ్మకి ఒంట్లో బాగుండేది కాదుగా అప్పుడు. టీచర్ గారు ఇంటికొచ్చి ఎన్నిసార్లు పిలిచారో."

మొగుడి మొహంలోకి సూటిగా చూస్తూ చెప్పింది. తొణకలేదు. నా వైపు తిరిగి, "కాఫీ తాగుతారా టీచర్, టీనా?" అని అడిగింది.

టీ తాగాను. గ్లాసు కింద పెట్టి లేచాను.

అది జరిగి ఏడాది దాటింది. ఆమె కూతురు ఆడుతోంది. బాగానే ఆడుతోంది, తల్లంత కాదు. నేను మాట ఇచ్చినట్టే ప్రతి ఊరూ వెంట వెళుతున్నాను. వెళ్ళిన చోటల్లా నిర్వాహకులు గుర్తుపట్టి ముందు వరసలో కుర్చీ వేస్తారు, మైకు ఇస్తారు. ఒకసారి చీరాలలో, తాడు అవతల ఆడవాళ్ళ మధ్య ఆమె నిలబడి ఉంటే దిగి వెళ్ళి పక్కన నిలబడ్డాను. రెండు నిమిషాలకు ఒకాయన పరుగున వచ్చి, "మేడం గారూ, మీరిక్కడా! రండి రండి," అని మళ్ళీ తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఆమె వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ పిల్ల ఒకసారి బస్సులో నన్ను అడిగింది, "అమ్మ ఎలా ఆడేది టీచర్?" అని. ఎడమచేతి వాటం గురించి చెప్పాను, పొద్దున ఆరింటికి గేటు దూకడం గురించి చెప్పాను. కనిగిరి దాకా వచ్చి ఆగిపోయాను. ఆ తర్వాతది చెప్పాలా వద్దా అని మర్నాడు ఆమెకు ఫోన్ చేసి అడిగితే, "పెద్దదయ్యాక నేను చెప్పుకుంటాలెండి. మీరు చెప్పబాకండి," అన్నది. అది కూడా నా చేతిలో లేదు.

ఇంకో పదేళ్ళకు నాకు రిటైర్మెంటు. అప్పుడు సన్మానం చేస్తారు, మళ్ళీ ఆ కథే చెబుతారు. ఆపలేనని తెలిసింది. ఆపినా నమ్మరని కూడా తెలిసింది.

నిన్న సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. వెనకాల షెడ్డు చప్పుడు వినిపిస్తోంది.

"టీచర్, ఎల్లుండి ఒంగోలులో ఆట. ఏడింటి బస్సుకి దాన్ని ఎక్కిస్తా."

"సరే. బస్టాండులో ఉంటాను."

"మెడల్ మర్చిపోకండి. ఈసారి వాళ్ళ నాన్న కూడా వస్తానంటున్నాడు," అని పెట్టేసింది.